అరిచి అన్న మాట

పొద్దున్నే కుక్కరు కూతకీ, స్కూలు బస్సు హారనుకీ మధ్య ఆ ఇంట్లో ప్రార్థన జరుగుతుంది. ఎంత ఆలస్యమైనా అది మాత్రం మానరు. మోకాళ్ళ నొప్పులు కాబట్టి అత్తగారు కుర్చీలో కూర్చుంటుంది. ఆమె కొడుకులిద్దరూ గోడకి ఆనుకుంటారు, ఒకడు నిద్ర చాలక, ఇంకొకడు అలవాటు కొద్దీ. పెద్ద కోడలు వంటింటి గుమ్మంలో నిలబడుతుంది, ఒక చెవి దేవుడికీ ఒక చెవి కుక్కరుకీ ఇచ్చి.

"ప్రభువా, ఈ రోజు మా నోటివెంట ఎవరినీ నొప్పించే మాట రానివ్వకు తండ్రీ" అని అత్తగారు మెత్తగా ప్రార్థించింది. అందరూ ఆమెన్ అన్నారు. పెద్ద కోడలు అనలేదు.

ఆ బిల్డింగులో అత్తగారిని అందరూ చల్లనమ్మ అంటారు. ఆమె గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. పెద్ద కోడలికి మాత్రం సైరను అని పేరు. నీళ్ళ దగ్గరైనా, మెట్ల మీద చెప్పుల దగ్గరైనా, మొగుడూ మరిదీ నడిపే ఫొటో ఫ్రేముల కొట్టు ముందు అడ్డంగా బండి పెట్టినవాడి దగ్గరైనా ఆమె నోరు విప్పిందంటే ఎదుటివాళ్ళు సర్దుకోవాల్సిందే. "ఇలాంటి కోడలితో ఎలా వేగుతున్నావమ్మా" అని ఇరుగుపొరుగు చల్లనమ్మ మీద జాలిపడేవారు. ఆమె చిన్నగా నిట్టూర్చేది. ఆ నిట్టూర్పుతోనే వాళ్ళకి సగం కథ అర్థమైపోయేది.

పిల్లలు బస్సెక్కాక అత్తగారు వంటింట్లో ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చుంది.

"సాయంత్రం ఇంటాయన వస్తున్నాడటమ్మా. కింది గది ఆవిడ గురించి అందరినీ అడుగుతాడట. నువ్వు ఒక్క మాట చెబితే చాలు, రేపటికల్లా గది మనకిచ్చేస్తానన్నాడు."

"ఏం చెప్పాలత్తయ్యా?"

"అదే, నువ్వు చూసింది."

"నేనేం చూశాను?"

అత్తగారు కత్తి ఆపి, కోడలి వైపు ఎంతో ప్రేమగా చూసింది. "మెట్ల మీద నువ్వే అన్నావు కదమ్మా."

అన్నది నిజమే. కింది గదిలో ఒంటరిగా ఉండే ఆవిడ ఆసుపత్రిలో ఆయా. రాత్రి డ్యూటీ. చీకటి పడ్డాక వెళ్తుంది, తెల్లారాక వస్తుంది. మూడంతస్తులు ఎక్కలేక అత్తగారి కన్ను ఆ గది మీద పడింది. అందులో తప్పేం లేదు, మోకాళ్ళు ఎవరివైనా మోకాళ్ళే. కానీ ఆ తర్వాత వంటింట్లో మాటలు మొదలయ్యాయి. "ఏ ఆసుపత్రో మరి, మనం వెళ్ళి చూశామా?" అని ఒకరోజు. "ఒంటరి ఆడది, మనకెందుకులే" అని ఇంకోరోజు. చివరికి ఓ పొద్దున బకెట్టు నీళ్ళు మెట్ల మీద ఒలికాయని గొడవ వచ్చింది. పెద్ద కోడలు నాలుగంతస్తులూ వినపడేలా, "రాత్రంతా ఎక్కడ తిరిగొస్తావో ఎవరికి తెలీదు!" అని అరిచింది. ఆవిడ సంచీలో ఆసుపత్రి యూనిఫారం ఉండటం ఆమె అంతకుముందే చూసింది. చూసి కూడా అంది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మర్నాటినుంచి ఆ గది ముందు ఎవరూ ఆగలేదు. అంతకుముందు ఆవిడ చేత దెబ్బలకి కట్టు కట్టించుకున్నవాళ్ళు కూడా తలలు తిప్పుకుని వెళ్ళారు.

"నేను చెప్పనత్తయ్యా" అంది పెద్ద కోడలు. "ఆ మాట అబద్ధం. సాయంత్రం కిందికి దిగి అదే చెబుతాను."

అత్తగారి చేతిలో ఉల్లిపాయ జారి కిందపడింది.

దీనంతటికీ మొన్న ఆదివారం చర్చిలో విన్న మాట కారణం. మారుమనస్సంటే ఏడవడం కాదు, వెనక్కి తిరగడం అన్నారు పాస్టరుగారు. ఏ దారిన చెడ్డపని చెయ్యడానికి వెళ్ళావో ఆ దారినే వెనక్కి రా, యేసు నీతోపాటు నడుస్తాడు అన్నారు. నిర్ణయం తీసుకున్నవాళ్ళని చెయ్యెత్తమన్నారు. ఆ ఇంటిల్లిపాదీ చేతులెత్తారు. వాళ్ళు ఏటా ఎత్తుతారు. ఎత్తిన చెయ్యి దించాక ఏం చెయ్యాలన్నది మాత్రం ఆ ఇంట్లో ఎప్పుడూ చర్చకి రాలేదు. పెద్ద కోడలిది ముక్కుసూటి బుర్ర. తను వెళ్ళిన దారేదో ఆమెకి తెలుసు, అది మూడంతస్తుల మెట్లు.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన కొడుకులకి విషయం తెలిసింది. పెద్దవాడు కంచం ముందునుంచి లేచిపోయాడు.

"నీకేమైనా పిచ్చా? అమ్మ మోకాళ్ళు చూశావా?"

"చూశాను. రోజూ నూనె రాసేది నేనే."

"మరి? నువ్వు మారితే మంచిదే. ఎవరొద్దన్నారు? రేపటినుంచి మారు!"

ఆ మాటకి ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "రేపటికి ఆవిడ రోడ్డు మీదుంటుంది. అప్పుడు మారి ఎవరిని ఉద్ధరించాలి?"

మరిది చెయ్యి కడుక్కుంటూ అందుకున్నాడు. "వదినా, నువ్విలా మెత్తబడితే కొట్టు ముందు బండి పెట్టేవాడితో ఎవరు మాట్లాడతారు? గ్యాసువాడితో ఎవరు మాట్లాడతారు?"

"నువ్వే మాట్లాడు. దేవుడు నీకూ నోరిచ్చాడు, తినడానికే వాడుకుంటున్నావు."

"చూశారా, ఏమీ మెత్తబడలేదు" అన్నాడు మరిది అన్నతో.

"మెత్తబడ్డానని నేనెప్పుడన్నాను? నా నోరు నా దగ్గరే ఉంది. ఇన్నాళ్ళూ మీరందరూ వాడుకున్నారు. ఇవాళ్టినుంచి దేవుడికిచ్చాను. తిరిగివ్వమని ఆయన్నే అడగండి, నన్నడక్కండి."

అప్పుడు అత్తగారు కుర్చీలోంచే కలగజేసుకుంది. "దేవుడితో చెప్పుకున్నావు కదమ్మా. ఆయన క్షమించేశాడు. మళ్ళీ మనుషుల దాకా ఎందుకు?"

"దేవుడికి నేను చెప్పకముందే తెలుసత్తయ్యా. తెలియాల్సింది కింద వాళ్ళకి."

"అంతగా ఉంటే ఆవిడ గదికెళ్ళి చెవిలో చెప్పి రా. నలుగుర్లో ఎందుకు?"

"అరిచి అన్న మాటని చెవిలో చెప్పి వెనక్కి తీసుకోలేనత్తయ్యా."

మొగుడు గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గిస్తే నిజంగా కోపమొచ్చిందని అర్థం. "విను. అమ్మ పేరు నలుగుర్లో వచ్చిందా, ఈ ఇంట్లో నీకు చోటుండదు."

ఆమె అతని వేళ్ళ వైపు చూసింది. అద్దాలు కోసి కోసి గీతలు పడిన వేళ్ళు. ఆ గీతలకి మందు రాసింది కూడా తనే. ఈ మనిషి ఇంత మాట అనగలడని ఆమె అనుకోలేదు.

"అత్తయ్య పేరు నేనెందుకు తీస్తాను?" అంది. "అరిచింది నేను. చోటు సంగతంటావా, చెప్పి వచ్చాక చూద్దాం."

సాయంత్రం మెట్ల కింద ఖాళీ జాగాలో అందరూ చేరారు. ఇంటాయన తాళాల గుత్తి ఊపుతూ కుర్చీలో కూర్చున్నాడు. రెండో అంతస్తు రిటైర్డు గుమాస్తా తన కుర్చీ తనే తెచ్చుకున్నాడు, తీర్పు ఇచ్చేది తనే అయినట్టు. కొడుకులిద్దరూ పై మెట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయా తన గది గుమ్మంలో నిలబడింది. డ్యూటీకి తయారై ఉంది. మొహంలో భయం లేదు, విసుగుంది. పెట్టె సర్దుకున్నట్టే ఉంది, గదిలో మంచం పక్కన కనబడుతోంది.

"నిప్పు లేందే పొగ రాదు కదండీ" అన్నాడు గుమాస్తా.

"ఆ పొగ పెట్టింది నేనేనండీ!"

నాలుగంతస్తుల్లోనూ వినపడింది. పై గదుల్లో టీవీలు ఆగాయి. సైరను మోగిందంటే ఎవరికో మూడిందని అందరికీ తెలుసు కాబట్టి జనం తొంగిచూశారు.

"ఈవిడ ఆసుపత్రిలో పనిచేస్తుందని నాకు ముందే తెలుసు. యూనిఫారం నా కళ్ళతో చూశాను. తెలిసే అబద్ధం చెప్పాను. ఈ గది మాకు దక్కాలనే అలా అన్నాను. మీరందరూ విన్నారు కాబట్టి మీ అందరి ముందూ చెబుతున్నాను. ఆ మాట తప్పు. ఆ మాట పట్టుకుని ఈవిడతో పలకడం మానేసినవాళ్ళు మళ్ళీ పలకండి." తర్వాత ఆయా వైపు తిరిగింది. "అక్కా, నన్ను క్షమించు."

ఆయా సంచీ భుజానికి తగిలించుకుంది.

"చెప్పావు, విన్నాను" అంది. "క్షమించానని మాత్రం ఇప్పుడే అనలేను. ఇన్ని రోజులూ నా గది తలుపు తీసుకుని బయటికి రావాలంటే ఎంత కష్టమైందో నీకు తెలీదు."

"అనొద్దులే. నేను చెప్పాల్సింది నేను చెప్పాను."

ఇంటాయన తాళాలు ఊపడం ఆపాడు. "ఇంత మాట నీకు ఉన్నట్టుండి ఎందుకు పుట్టిందమ్మా? ఎవరైనా చెప్పమన్నారా?"

పై మెట్టు మీద మొగుడు బిగుసుకుపోయాడు. ఆమె అతని వైపు చూడను కూడా చూడలేదు.

"నోరు నాదండీ. ఇంకెవర్నీ అడక్కండి."

సరిగ్గా అప్పుడు మెట్ల మీద అలికిడైంది. ఆదివారం తప్ప కిందికి దిగని చల్లనమ్మ గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించుకుంటూ దిగుతోంది. చిన్నకొడుకు పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది. మొహమంతా తడి. అందరూ మోకాళ్ళ నొప్పనుకున్నారు.

ఆవిడ చివరి మెట్టు మీద ఆగింది. ఆయాసంతో మాట రాలేదు. వచ్చాక మాత్రం అందరికీ వినపడింది.

"నోరు దానిది. మాట నాది."

"అమ్మా!" అన్నాడు పెద్దకొడుకు.

"నువ్వూరుకో. ఆ మాట వంటింట్లో పుట్టింది. కొంచెం కొంచెంగా నేనే దాని చెవిలో పోశాను. అది అరిచింది, నేను మంచిదాన్నయ్యాను. ఇప్పుడు కూడా నా పేరు చెప్పకుండా అంతా తన మీదే వేసుకుంటుంటే పైన నిలబడి విన్నాను. నా పేరు రాలేదని ముందు నాకు హాయిగానే అనిపించింది. ఆ హాయి చూసుకున్నాక నా మీద నాకే అసహ్యం వేసింది." ఆమె ఆయా ముందు చేతులు జోడించింది. "నన్ను క్షమించమ్మా."

ఆయా కళ్ళలో అప్పుడు తిరిగాయి నీళ్ళు. కోడలు చెప్పినప్పుడు రాని నీళ్ళు.

"మీరా?" అంది. "పొద్దున్నే నేనొచ్చేసరికి పైనుంచి ‘దేవుడు నిన్ను దీవించుగాక’ అనేవారు కదండీ. ఈ బిల్డింగులో నాతో మంచిగా మాట్లాడేది మీరొక్కరే అనుకున్నాను."

చల్లనమ్మ నలభై ఏళ్ళ ప్రార్థనల్లో ఎన్నోసార్లు ఏడ్చిన మనిషి. ఇవాళ ఏడుస్తుంటే గొంతు పగిలింది, బిల్డింగంతా విన్నది. ఆయా తన గదిలోంచి స్టూలు తెచ్చి ఆమెని కూర్చోబెట్టింది. క్షమించానని చెప్పలేదు. గదికి తాళం వేసి, "గది ఖాళీ చెయ్యనండీ" అని ఇంటాయనకి చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయింది.

జనం చెదిరిపోయారు. తిరిగి మూడంతస్తులు ఎక్కాలి. కొడుకులు తల్లిని ఎత్తుకుంటామన్నా ఆమె ఒప్పుకోలేదు. కోడలి భుజం పట్టుకుంది. పెద్దకొడుకు భార్య వైపు చూశాడు, ముందు నడిచి మెట్ల లైటు వేశాడు.

రెండో అంతస్తు దగ్గర అత్తగారు ఆగిపోయింది.

"పెళ్ళయి వచ్చినప్పుడు నువ్వు ఇలా ఉండేదానివి కాదే. నిన్ను గయ్యాళిని చేసింది నేనే. నువ్వు కూడా నన్ను క్షమించాలి."

పొద్దుటినుంచి ఎవరికీ లొంగని మనిషి, అందర్నీ ఎదిరించి నిలబడిన మనిషి, అక్కడే మెట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తగారు వంగలేక, నిలబడే ఆమె తల నిమిరింది.

"అంతా మీ మీదే వేసుకోకండి" అంది కోడలు ముక్కు తుడుచుకుంటూ. "అరుస్తుంటే నాకూ బాగానే ఉండేదత్తయ్యా."