వినాయకుడి కిరీటం పైన తీగ

సైదమ్మ బిల్డింగ్ డాబా మీద యోగేందర్, భానుప్రియ మొదటిసారి ఎదురుపడ్డది తగువుతోనే. ఇంటర్నెట్ కావాలని సైదమ్మ ఇద్దరికీ ఫోన్ చేసింది. ఒకరిని పిలిచిన సంగతి ఇంకొకరికి చెప్పడం మరిచింది.

యోగేందర్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఫైబర్ పని చేస్తాడు. భుజాన నల్లతీగ చుట్ట. భానుప్రియది ఎల్బీనగర్‌లో షాపు. చేతిలో తెల్లడబ్బా. తీగ లేకుండా, టవర్ నుంచి గాలిలోనే నెట్ పట్టే డబ్బా అది.

"గింత తాడేంది? బర్రెను కట్టేస్తవా?" అందామె.

"తాడు కాదు మేడం. లోపల గాజుపోగు. మీ తలవెంట్రుకంత సన్నం. అండ్ల వెలుతురు ఉరుకుతది."

"కోతి ఊగితే?"

"కర్మన్‌ఘాట్ కోతి ఒకటి నిన్ననే ఊగింది. దిగినంక నాకు థాంక్స్ కూడా చెప్పింది. మీ డబ్బా సంగతి చెప్పుండ్రి. టవర్ ఒక్కటి, వాడేటోళ్లు వెయ్యిమంది. దావత్‌ల ఒక్క గంటెతోని ఊరంతకు వడ్డించినట్టు!"

"నీది స్తంభం ఎక్కాలె, గోడ తొలవాలె, నాలుగు రోజులు తిరగాలె. నాది గిట్ల పెట్టిన, గట్ల ఒచ్చింది."

అంతలో వాన దంచింది. ఇద్దరూ నీళ్ల ట్యాంకు కింద దూరారు. ఆమె డబ్బాను కొంగులో దాచింది. అతను చుట్టను వదిలేసి డబ్బా మీద తన టోపీ కప్పాడు. శత్రువు డబ్బా మీద! సైదమ్మ డబ్బానే పెట్టించుకుంది. యోగేందర్ ఓడిపోయి, ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు.

ఆ తర్వాత మూడు నెలలు, ఏ బిల్డింగుకు పోయినా ఇద్దరూ ఒకేసారి చేరేవాళ్లు. ఎట్లా చేరేవాళ్లంటే, పొద్దున్నే అతను ఫోన్ చేసి "ఇయాల ఎటు దిక్కు?" అని అడిగేవాడు. పోటీ కంపెనీ రహస్యం ఆమె ఠక్కున చెప్పేసేది. అంతకు మించిన మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు.

నిమజ్జనానికి రెండు రోజుల ముందు యోగేందర్‌కి ఒక కొత్త కనెక్షన్ పని వచ్చింది. కర్మన్‌ఘాట్‌లో ఇల్లు. తలుపు తీసింది భానుప్రియ.

"మా నాయిన పిలిచిండు," అందామె, కళ్లు ఎత్తకుండా.

ఆమె తండ్రి సిద్దిరాములు టెలిఫోన్ లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. రాగితీగ అంటే ఆయనకు ప్రాణం. ఇంట్లో ఇప్పటికీ ఆ తీగ ఫోనే, ఆ తీగ నెట్టే.

"బిడ్డకు పూనా సంబంధం ఒచ్చింది తమ్మీ. పిల్లగాడు జైపాల్. నిమజ్జనం నాడు తొవ్వలన్నీ బంద్ గదా, అందుకే వీడియోల మాట్లాడుతరట. నా రాగితీగల పిల్లగాని ఫోటో దించితే పొద్దుగాల నొసలు ఒచ్చింది, పగటీలికి మీసం ఒచ్చింది, గదువ ఇంకా తొవ్వలనే ఉంది. ఎక్స్చేంజి దూరమైతే రాగి గంతే. బిడ్డ డబ్బా మంచిదే గానీ, పోయినేడు నిమజ్జనం నాడు జనమంత వీడియోలు తీస్తే టవర్ మునిగింది. ఇగ నీ గాజుతీగనే దిక్కు."

తన గుండెకాయను పూనాకు అప్పగించడానికి తీగ తనే లాగాలి! యోగేందర్ స్తంభం ఎక్కాడు. వీధి దాటించి, బాల్కనీ దాకా తీగను బిగించాడు. పని మాత్రం వంక పెట్టడానికి లేదు. భానుప్రియ చాయ్ తెచ్చి, "గట్టిగ కట్టినవా?" అంది.

"గట్టిగనే కట్టిన."

"మంచిది," అని లోపలికి పోయింది. చాయ్‌లో చక్కెర లేదు.

నిమజ్జనం నాడు పదకొండింటికి వీడియో కాల్ మొదలైంది. సరిగ్గా అప్పుడే వీధి మొగలో డప్పులు మోగాయి. ఆ గల్లీ వినాయకుడు ఎంత ఎత్తంటే, కిరీటం మీద వాలిన కాకికి బాలాపూర్ కనిపిస్తుంది. అడ్డం వచ్చిన తీగలను పంగకర్రలతో పైకెత్తి విగ్రహాన్ని దాటించడం అక్కడి ఆనవాయితీ. యోగేందర్ భానుప్రియ ఇంటి ప్రహరీగోడ ఎక్కి, పంగకర్రతో తన తీగను తనే ఎత్తి పట్టాడు.

కింద అతనితో పనిచేసే విజయ్ కుమార్ నిలబడ్డాడు. అతనికి సంగతంతా తెలుసు.

"కర్ర జర దించు రా! కిరీటమే తెంపుతది. దేవుడే ఒద్దన్నడు అనుకుంటరు."

"సప్పుడు చెయ్యకు."

విగ్రహం సరిగ్గా తీగ కిందికి వచ్చి ఆగింది. ట్రాక్టర్ ముందు కుర్రాళ్లు డాన్సు ఎత్తుకున్నారు. ఒక పాట అయింది, రెండో పాట అయింది. యోగేందర్ కళ్లలోకి చెమట కారింది. కర్ర బెత్తెడు దించితే చాలు, పూనా మాయం. అతను ఇంకో బెత్తెడు పైకెత్తాడు.

వినాయకుడు కదిలి వెళ్లిపోయాక ఫోన్ మోగింది. సిద్దిరాములు.

"నెట్ పోయింది, పైకి రా!"

యోగేందర్ తలెత్తి చూశాడు. తీగ తెగలేదే! రెండేసి మెట్లు ఎక్కాడు. గోడ మీద మోడెంలో ఎర్రలైటు. పీకేసిన తీగ కొస భానుప్రియ చేతిలో.

"నేనే పీకిన," అంది. "ఆ పిల్లగాన్ని చూడమంటే, కిటికీల నువ్వు కనవడవడ్తివి. తెంపితే ఏం పోతుండె నీకు?"

"తెంపితే నీ జవాబు నేను చెప్పినట్టయితుండె. అది నువ్వే చెప్పాలె."

"మరి చెప్పిన గదా!" అంటూ తీగ కొసను అతని ముక్కు ముందు ఆడించింది.

సిద్దిరాములు ఇద్దరినీ చూశాడు. ఇందాక గోడ మీద కర్ర ఎత్తి పట్టిన మనిషిని కూడా ఆయన బాల్కనీలోంచి చూస్తూనే ఉన్నాడు. పాత ఫోన్ ఎత్తి పూనాకు నంబరు తిప్పాడు. ఊళ్లో టవర్లన్నీ మూర్ఛపోయిన ఆ పూట రాగితీగ ఖణఖణమంది.

"జైపాల్ బాబూ, ఏమనుకోకు. మా బిడ్డ మనసు ఈడనే ఉన్నదట." ఫోన్ పెట్టేసి ఇటు తిరిగాడు. "ముప్పై ఏండ్లు లైన్‌మన్‌గ చేసిన. తన కడుపు కొట్టే లైన్‌ను గట్ల కాపాడినోన్ని చూడలే."

"సార్, అదీ..."

"సార్ ఏంది? మామా అను. ముందు తీగ పెట్టు."

యోగేందర్ తీగ పెట్టాడు. పచ్చలైటు వెలిగింది.

"నా డబ్బా కూడ ఈ ఇంట్ల ఉంటది," అంది భానుప్రియ.

"ఉండనీ. దానికి టోపీ కప్పింది ఎవరు?"

ఈసారి చాయ్‌లో చక్కెర ఎంత పడిందంటే, చెంచా నిటారుగా నిలబడింది.