ముగ్గురు కూర్చుంటేనే కోర్టు

“ధర్మారావు గారు ఫ్లైట్ ఎక్కకపోతే నలువీ దీవుల హార్బర్ పోయినట్టే,” అంది చీఫ్ రేణు, ఇర్వింగ్‌లోని తమ సీక్రెట్ ఏజెన్సీ ఆఫీసులో బ్లైండ్స్ దించుతూ.

ఏజెంట్ ధృవ్ పక్క ఊరు కాపెల్‌లో పుట్టి పెరిగినవాడు. “ఒక్క రిటైర్డ్ జడ్జికి ఇంత ఆపరేషనా?” అన్నాడు.

“అది వాళ్ల అప్పీల్స్ కోర్ట్. దానిపైన ఇంకో కోర్ట్ లేదు. అంత చిన్న దేశంలో జడ్జీలు ఎక్కడ దొరుకుతారు? బయటి నుంచి పిలుచుకుంటారు. ముగ్గురు కూర్చుంటేనే బెంచ్. ఒకరు తగ్గినా కింది కోర్ట్ తీర్పే ఫైనల్. ఆ తీర్పు హార్బర్‌ని ఫారిన్ సిండికేట్‌కి కట్టబెట్టింది. ఎయిర్‌పోర్ట్ దారిలో ఈయన్ని షూట్ చేస్తారని మన ఇన్‌ఫార్మర్ అదితి చెప్పింది. ఆయన సేఫ్‌గా ఎక్కాక ‘బెంచ్ ఫుల్’ అని కోడ్ పంపు.”

ధృవ్ డ్రైవర్ వేషంలో ధర్మారావుని ఎక్కించుకుని బయల్దేరాడు. హైవే పొడుగునా అద్దాల్లోకే చూశాడు. కాల్పులూ లేవు, పాడూ లేదు. ఎవరూ వెంబడించనైనా లేదు.

చెకిన్ దగ్గర అతనికి అనుమానం వచ్చింది. “అంకుల్, బ్యాగ్‌లో ఏం పెట్టారు?”

“బట్టలు, కేస్ పేపర్లు. గుళ్లో అదితి అని ఒకమ్మాయి పరిచయమైందిలే, సినిమా హీరోయిన్‌లా ఉంటుంది. నలువీలో ఉన్న వాళ్లన్నకి గోంగూర పచ్చడి ఇమ్మంది.”

“ఓపెన్ చేసి చూశారా?”

“ఒకరికి పంపిన పచ్చడి మనం విప్పుతామటయ్యా? మర్యాదేనా?”

“అంకుల్, నలువీలో మనవాళ్లు ఒక్కరు కూడా లేరు.”

“తెలుగువాళ్లు లేని చోటు ఉంటుందనుకోలేదు,” అన్నాడు ధర్మారావు నీరసంగా.

సూట్‌కేస్ అప్పటికే బెల్ట్ ఎక్కేసింది. ధృవ్ బ్యాడ్జ్ చూపించి, కౌంటర్ దూకి, రబ్బరు తెరల లోపలికి పోతున్నదాన్ని వెనక్కి లాగాడు. వాచ్‌లోని స్కానర్ ఎర్రగా వెలిగింది. పచ్చడి సీసా అడుగున దొంగ అర, అందులో హెరాయిన్. దీవిలో దిగగానే జడ్జిగారు జైలుకి పోయేవారు.

ధర్మారావు ఫ్లైట్ ఎక్కాడు. “బెంచ్ ఫుల్,” అని మెసేజ్ పెట్టాడు ధృవ్. అదితి మాత్రం దొరకలేదు.

వారం తర్వాత ధర్మారావు ఫోన్ చేశాడు. ఆయన్ని ఆపడం కుదరక సిండికేట్ మిగతా ఇద్దరు జడ్జీలనీ కొనేసింది.

“ఓడిపోయామయ్యా. వీళ్లకిక పడవ కట్టుకునే చోటు కూడా లేదు. తీర్పు చదువుతుంటే ఒక ముసలావిడ నా వంకే చూస్తూ కూర్చుంది. ఇది చూడ్డానికా నన్ను ఎక్కించావు?”

ధృవ్‌కి ఏడుపొచ్చింది.

ఆ రోజే ల్యాబ్ రిపోర్ట్ కూడా వచ్చింది. అర సంగతి వదిలేస్తే పచ్చడి శుభ్రంగా ఉందట. ఈ కేసు మొత్తంలో కల్తీ లేనిది ఆ గోంగూర ఒక్కటే.