ఎల్దోర్ డిక్కీలో కర్బూజాలు

తాష్కెంట్‌లో సిగ్నల్ పచ్చగా మారేది వెనక కారువాడు హారన్ కొట్టడానికే. సరిగ్గా అప్పుడే మీ కొత్త కారు రెండు కుదుపులు కుదిపి ఆగిపోయిందంటే, వీధి మొత్తానికి మీ వంశం గురించి మాట్లాడే అవకాశం దొరుకుతుంది.

ఎల్దోర్‌కి నెలరోజులుగా ఇదే బతుకు. ఆ ఊళ్ళో కొత్త కారు కొంటే, పెట్రోలు ఖర్చు తగ్గుతుందని మర్నాడే డిక్కీలో గ్యాస్ సిలిండర్ బిగించుకోవడం మర్యాద. అతనూ మర్యాదస్థుడే. బయట మార్పులు చేయిస్తే వారంటీ ఉండదన్న కంపెనీ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా భద్రంగా దాచాడు.

షోరూంలో వారంటీ చూసే అమ్మాయి మొహీరా. ఇంతకుముందు రెండుసార్లు వైపర్ చప్పుడు చేస్తోందని ఎల్దోర్ ఆమె దగ్గరికి వచ్చాడు. వైపర్‌కి ఏ రోగమూ లేదు. రోగం అతనిదే.

ఈసారి నిజంగానే ఇంజన్.

"బయటేమైనా బిగించారా, ఎల్దోర్ అకా?"

అకా అంటే అన్న. అక్కడ కస్టమర్నీ అలాగే పిలుస్తారు, కట్టుకున్నవాణ్ణీ అలాగే పిలుస్తారు. తను ఏ అకానో ఎల్దోర్‌కి ఇంతవరకూ తేలలేదు.

"అబ్బే! ముట్టుకోలేదండీ."

"డిక్కీ తియ్యండి."

డిక్కీ నిండా కర్బూజాలు.

"ఇన్నెందుకు?"

"అమ్మకిష్టం."

మొహీరా రెండు కాయలు పక్కకి జరిపింది. కింద సిలిండర్. వేలితో కొట్టి చూసింది. ఠంగుమంది.

"ఇదింకా పండలేదనుకుంటా."

ఎల్దోర్ తల దించుకున్నాడు. "వారంటీ మొత్తం పోయిందా?"

"మొత్తం ఎందుకు పోతుంది? ఏసీకి ఉంది. మీ ముద్దుల వైపర్‌కీ ఉంది. కుదుపు మాత్రం ఈ గ్యాస్ బిగింపు వల్లే. అది మేం చూడం."

"వైపర్ సంగతి కూడా అబద్ధమేనండీ. మిమ్మల్ని చూడాలనే..."

"తెలుసు. రెండుసార్లూ చెవి పెట్టి విన్నది నేనేగా! మూడోసారి వస్తారా రారా అని చూశాను." మొహీరా నవ్వుతూ సిలిండర్ మీదికి వంగింది. నవ్వు ఆగిపోయింది. "ఇదెవరు బిగించారు?"

"చిలంజార్ పేటలో ఒక పెద్దాయన. చేతులా అవి? పారలు!"

"మా నాన్న."

కర్బూజా ఒకటి దొర్లి కిందపడింది. ఇద్దరిలో ఎవరూ తియ్యలేదు.

చివరికి మొహీరాయే అంది, "ఆదివారం మీ అమ్మగార్ని సంబంధం అడగడానికి పంపండి. దింపేది మీరేగా. గుమ్మంలో నాన్న ఉంటారు. ఆయన పనికి వంక పెట్టినవాళ్ళకి మా ఇంట్లో టీ కూడా పుట్టదు, అకా."

ఏ అకానో ఈసారి తేలిపోయింది.

ఆదివారం రేపే. సంబంధానికి పట్టుకెళ్ళాల్సిన రొట్టెలు అమ్మ మూటగట్టేసింది. బండి బాగుందంటే ఆయన బాగుచెయ్యడు. బాగాలేదంటే పిల్లనివ్వడు. పెళ్ళయిన పాఠకులారా, మీకు పుణ్యముంటుంది, కాస్త తొందరగా చెప్పండి: "బండెలా నడుస్తోంది బాబూ?" అని ఆయన అడిగితే, ఈ కుర్రాడు ఏమనాలి?