ఇంటర్వెల్లో వేసిన స్లైడు

"లైన్లో రండి. ఎంత పెద్దవారైనా టీకి లైన్లోనే."

ఆ గొంతు వినగానే, ఒకప్పుడు అక్కడ ప్రొజెక్టరు నడిపిన ఆపరేటరు కాళ్లు ఆగిపోయాయి. ఇరవై నాలుగేళ్ల కిందట ఇదే హాల్లో, ఇదే మూల, పాప్‌కార్న్ మీద మిరియాల పొడి చల్లుతూ జనాన్ని అదలించిన గొంతది. మనిషీ అంతే ఘాటు కాబట్టి అతను "మిరియం" అని పిలిచేవాడు. మొహం ముడుచుకునేది గానీ, వద్దనేది కాదు.

సినిమా హాలు ఇప్పుడు సినిమా హాలు కాదు. కుర్చీలు సగం తీసేసి పిల్లలకు డాన్సు నేర్పుతున్నారు, బాల్కనీలో లైబ్రరీ పెట్టారు, తెర ముందు స్టేజి కట్టి నాటకాలు ఆడుతున్నారు. పాత స్లైడు మెషీను బాగుచేసి పెట్టమని కబురొస్తే వచ్చాడు. మెషీను బాగయింది. దాని పక్కనున్న రేకు డబ్బాలో, సబ్బుల ప్రకటనల మధ్య, తన చేతిరాత ఉన్న గాజు స్లైడు పలక దొరికింది. ఇప్పుడది జేబులో ఉంది.

లైను కరిగాక ఆమె అతన్ని పోల్చుకుంది. "చెప్పాపెట్టకుండా వెళ్లిపోయిన మనిషి, ఇన్నాళ్లకా?"

"చెప్పాను. నువ్వే జవాబివ్వలేదు."

"ఎప్పుడు చెప్పారు?"

అతను పలక తీసి కౌంటరు మీద పెట్టాడు. "తొమ్మిది రోజులు, రోజూ ఇంటర్వెల్లో తెర మీద వేశాను. జనం మిరియాల కంపెనీ ప్రకటన అనుకున్నారు. నీకు మాత్రం అర్థమవుతుందనుకున్నా. రోజూ కేబిన్ కిటికీలోంచి నువ్వొచ్చే దారి చూశాను, జడకి ఎర్ర రిబ్బనే. పదో రోజు వేరే ఊళ్లో పని చూసుకున్నా."

ఆమె పలక వైపు చూడనేలేదు.

"ఇంటర్వెల్లో నేనెక్కడుంటానండీ?"

ఇంటర్వెల్ అంటే ఆమెకు కౌంటరు దగ్గర ఊపిరాడని పదిహేను నిమిషాలు. ఆ స్లైడు హాల్లో ఎవరైనా చూడొచ్చు, ఆమె ఒక్కతె తప్ప. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లలో అతనికి ఒక్కసారీ తట్టలేదు. రోషం మాత్రం భద్రంగా దాచుకున్నాడు.

"నోరు పెట్టుకుని గాజు మీద రాస్తారా ఎవరైనా?" నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "ఆ ఏడాదంతా మీ కేబిన్ మెట్ల వైపే చూశాను. తర్వాత నాన్న సంబంధం తెచ్చాడు. మంచాయనే. ఇద్దరు పిల్లలు."

నాకెవరూ లేరు అనబోయి, ఇప్పుడెందుకులే అని ఊరుకున్నాడు.

లోపల బెల్లు మోగింది. నాటకానికి ఇంటర్వెల్. జనం బిలబిలమంటూ కౌంటరు మీదకి వచ్చిపడ్డారు.

ఆమె కెటిల్ పక్కన పెట్టేసింది. "అయిదు నిమిషాలు ఆగండి," అని వాళ్లతో చెప్పి, అతని వైపు తిరిగింది. "ఆ మెషీను పనిచేస్తోందా?"

అందరూ బయట ఉంటే, ఖాళీ హాల్లో ఆమె ఒక్కతే ముందు వరసలో కూర్చుంది. అతను పైకెక్కి దీపం వెలిగించాడు. తెర మీద అక్షరాలు కాస్త వంకరగా నిలబడ్డాయి.

"మిరియం! సరేనంటే రేపటి నుంచి తెల్ల రిబ్బను. ఇట్లు, పై కిటికీ."

"కట్టుకునేదాన్నండీ," అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే. హాలు ఖాళీ కాబట్టి పైదాకా వినిపించింది.

తర్వాత లేచి, బయట జనం గోల పెడుతుంటే టీ పోయడానికి వెళ్లిపోయింది. రెండో బెల్లు మోగేదాకా అతనికి దీపం ఆర్పబుద్ధి కాలేదు.