నలభై రెండో చుట్టిల్లు

మూడో కాంతికి ఇంకా అరగంట ఉంది. సుభాషిణి మాట్లాడే కెమెరా బింబకాన్ని స్టాండు మీద సరిచేసి, జీడితోట వైపు నుంచి వాలే ఎండ కోసం చూస్తోంది. ఎండ ఏటవాలుగా పడితే గాని చుట్టిల్లు మట్టిగోడ మీది వేళ్ల చారలు పైకి తేలవు. తాటాకు కప్పు దాదాపు నేలదాకా దిగి ఉంది. ఎంతటివాళ్లైనా తల వంచి లోపలికి వెళ్లాల్సిందే.

పొద్దుటి కాంతి, మధ్యాహ్నపు కాంతి బాగా వచ్చాయి. మూడోది కూడా కుదిరితే ఇల్లు పూర్ణబింబమవుతుంది. కొలతలు, రంగులు, మట్టివాసన, లోపలి చలువతో సహా భాండాగారంలో చేరుతుంది. మర్నాడు సమతలకం వచ్చి అసలు ఇంటిని చదును చేస్తుంది. భద్రపరిచినదానికి నేల మీద చోటెందుకని నిబంధన.

సుభాషిణి ఇంతవరకు నలభై ఒక్క ఇళ్లు తీసింది. అన్నీ అద్భుతంగా వచ్చాయని పేరు. ఒక్కటీ మిగల్లేదు. ఈమధ్య ఎవరైనా మెచ్చుకుంటే ఆమెకు ఒళ్లు మండుతోంది, అదీ తన మీదే.

ఇంటావిడ దాలమ్మ గోడవార మట్టి తొక్కుతోంది. ఎనభై దాటిన మనిషి. రేపు ఇల్లుండదని ఆమెకు మూడుసార్లు చెప్పారు.

"ఇప్పుడెందుకు మామ్మా ఆ మట్టి?"

"ఏటా వానలకి ముందు మెత్తుతాం కదమ్మా. రేపటి సంగతి రేపు. నీ పోటో అయినాకే మెత్తుతాన్లే, నీ పనికి అడ్డం రాను."

ఆ మర్యాదకు సుభాషిణికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఒక గడి ఖాళీగా ఉంది," అంది బింబకం. "నిర్మాణం పూర్తయిన సంవత్సరం?"

ప్రతి ఇంటికీ అడిగేదే. ఆమె ఏదో ఒక అంకె వేసి ఊరుకునేది. ఈసారి దాలమ్మను అడిగింది.

"అయిపోనాదని నీకెవులు సెప్పినారు?" అంది దాలమ్మ. "గోడ మా అత్తకి అత్త లేపినాది. దీపం గూడు మా అత్త పెట్టినాది. నాను కాపరానికొచ్చినప్పుడు ఈ అరుగు నేదు. ఆకు మొన్న మాగమాసంలో మార్సినాం. ఈ పక్క కూసింత కుంగినాది, ఎత్తాల. ఇల్లన్నాక అయిపోతాదేటి?"

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టడం ఎప్పటికవుతుందో మాత్రం చెప్పలేదు.

అప్పుడే ఎండ గోడ మీద పడింది. ముగ్గురు కోడళ్ల వేళ్లూ ఒక్కసారిగా తేలాయి. అంత మంచి కాంతి సుభాషిణికి ఎన్నడూ దొరకలేదు. ఆమె కటకానికి మూత పెట్టేసింది.

"పూర్తి కాలేదు. నిర్మాణంలో ఉంది."

"ఇది నూట ఇరవై ఏళ్ల నాటి కట్టడం."

"అవును. ఇంకా కడుతున్నారు."

బింబకం నిబంధనలు వెతికింది. నిర్మాణంలో ఉన్న ఇంటిని బింబించకూడదు, బింబించని ఇంటిని చదును చేయకూడదు. రెండూ దానికి నేర్పిన నిబంధనలే.

"ఈ సముద్రతీరంలో ఇదే పద్ధతి ఇళ్లు మరో మూడు వందల పన్నెండు ఉన్నాయి. వాటికీ వర్తిస్తుందా?"

ఉద్యోగం పోతుందని ఆమెకు తెలుసు. భయం వేసింది కూడా. "అన్నిటికీ," అంది.

"పూర్తయ్యే తేదీ?"

సుభాషిణి దాలమ్మ వైపు తిరిగింది. "ఎప్పటికవుతుందని రాయమంటావు మామ్మా?"

దాలమ్మ కాళ్లు కడుక్కుంటూ ఆలోచించింది.

"నాకేటి తెలుస్తాది? మా మనవడికింకా పెళ్లి కానేదు. ఆ వొచ్చే పిల్లనడగాల."

బింబకం ఆ జవాబును ఉన్నదున్నట్టు గడిలో రాసుకుని, మిగతా మూడు వందల పన్నెండు ఇళ్ల గడుల్లోనూ అదే నింపింది.