కల్వర్టు కింద బ్లూటూత్

“ఛార్జింగ్ పిన్ను పోయింది. కొత్తది దొరుకుతాదా?”

“దొరుకుతాది. కానీ కర్నూలు నుంచి రావాల.”

కోడ్ సరిపోయింది. ప్రొద్దుటూరు బజారులోని తన సెల్‌ఫోన్ రిపేరు షాపులో అబ్దుల్ సత్తార్ సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టాడు. ఎదురుగా ఉన్న బుర్ఖా ముసుగు పైకి లేచింది. బాలనాగమ్మ! దుబాయ్‌లో ఆమె నవ్వుకు పడిపోయిన మగాళ్లలో ఇద్దరు ఇప్పుడు జైల్లో ఉన్నారు. విదేశీ ఆయుధాలు అమ్మే ముఠా దృష్టిలో ఆమె తమ కోసం పనిచేసే చెవుల డాక్టరమ్మ. సత్తార్ రహస్యంగా పనిచేసే నిఘా డిపార్ట్‌మెంటుకు, అతనిలాగే ఏజెంట్. నిజానికి ఎవరి మనిషో ఆ దేవుడికే తెలియాలి.

“టార్గెట్?” అడిగాడు సత్తార్.

“జమ్మలమడుగు చిన్నసుబ్బయ్య. ఈ పొద్దే.”

ఫ్యాక్షన్ నాయకుడు చిన్నసుబ్బయ్య పాత పగలు వదులుకుని, ఎదుటి వర్గంతో రాజీకి గండి ఆంజనేయస్వామి గుడికి వెళ్తున్నాడు. రాజీ కుదిరితే ముఠా సరుకు కొనేవాడుండడు. ఆయన పోతే మాత్రం, ఎన్నికలు ముగిసేలోపు ఎన్ని ఊళ్లు తగలబడతాయో చెప్పనక్కర్లేదు!

“ఆయన ఏ బండిలో కూచుంటాడో డ్రైవర్లకే చెప్పడు. అన్నీ తెల్ల సుమోలే. వీళ్లెట్లా కనిపెడతారు?”

“చెవి మిషన్‌తో. పాత బాంబు దెబ్బకు ఆయనకు వినపడదు కదా. బ్లూటూత్ మిషన్ నేనే పెట్టినా. తొండూరు దాటినాక కల్వర్టు కింద బాంబు పెట్టినారు. మిగతా బండ్లు పోయినా అది ఊరుకుంటాది. ఆ మిషన్ సిగ్నల్ తగిలిందా, పేలతాది.”

“వైరు పీకేస్తే?”

“కదిలిస్తే పేలతాది. పోలీసులకు చెప్పొద్దు, స్టేషన్లో ముఠా మనుషులుండారు. తెలిస్తే ఇంకో చోట పెడతారు.”

మిషన్ బ్లూటూత్ అడ్రస్, అంటే దాని సిగ్నల్‌ను గుర్తుపట్టే నంబరు, అతని చెవిలో చెప్పి, ముసుగు దించుకుంది. “నన్ను నమ్మొద్దప్పా. ఆ అడ్రస్‌ను నమ్ము.”

ఆమె వెళ్లగానే అక్క ఖాజాబీ ఫోన్ చేసింది. ఆమె భర్త రహీం చిన్నసుబ్బయ్య సుమోల్లో ఒకదానికి డ్రైవరు.

“ఒరే సత్తారూ, మీ బావ ఇప్పుడే ఫోన్లో ఒకటే నవ్వినాడురా! పెద్దాయన, ‘ఎదుటోళ్ల మాటలు ఇంటే నాకు కోపమొస్తాది, ఇంక రాజీ యాడ కుదురుతాది’ అని, చెవి మిషన్ తీసి మీ బావ జేబులో పెట్టినాడంట. అది జేబులో కుయ్యి కుయ్యి అంటాందంట. ఇంకో గంటకు బయల్దేరతారు. ఆయన మాత్రం మీ బావ బండెక్కడంట, ఏ బండో చెప్పలేదంట.”

ఆ బాంబు ఇప్పుడు బావ కోసం కాచుకుని ఉంది!

రహీంకు ఫోన్ చేశాడు. స్విచాఫ్. ఇలాంటి ప్రయాణాలకు ముందు అందరి ఫోన్లూ లాక్కుంటారు. దారిలో అడ్డం నిలబడదామా అంటే, ఆ సుమోలు ఎవరి కోసమూ ఆగవు. మనిషి మీద నుంచే పోతాయి.

ఇక మిగిలిన దారి ఒక్కటే. సొరుగులోంచి అరచేతిలో పట్టేంత చిట్టి కంప్యూటర్, లినక్స్ బోర్డు తీశాడు. సెల్‌ఫోన్ తన అడ్రస్ మార్చుకోనివ్వదు, ఈ బోర్డు మార్చుకోనిస్తుంది. చెవి మిషన్ అడ్రస్‌తో ఇది ముందే కేకేస్తే, బాంబు ఖాళీ రోడ్డు మీద పేలిపోతుంది. ఫర్మ్‌వేర్ ఎక్కించాడు. బ్లూటూత్ సర్వీస్ లేపాడు. అడ్రస్ మార్చాడు. టెస్ట్ ఓకే! తను దూరం పోయేదాకా ఆగి కేకేసేలా టైమర్ పెట్టి, పవర్ ఆపి, ల్యాప్‌టాప్‌తో పాటు సంచిలో వేసుకున్నాడు.

తొండూరు దాటాక బైకును ముళ్ల చిల్లచెట్ల వెనక దాచి, గొంగడి కప్పుకుని గొర్రెలకాపరి అయ్యాడు. కల్వర్టు కింద చీకట్లో నల్లడబ్బా కనిపించింది. దాని పక్కనే బోర్డు పెట్టి, పవర్ ఇచ్చి, పరుగున వెళ్లి బండరాయి వెనక బోర్లా పడుకున్నాడు.

పేలలేదు.

ఎంత చూసినా పేలలేదు. తొండూరు వైపు దుమ్ము లేచింది. వచ్చేస్తున్నారు!

“దీని మొహం మండ!” అంటూ వెనక్కి ఉరికాడు. బాంబు పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, బోర్డును కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. చిప్ బతికే ఉంది. సర్వీస్ నడుస్తోంది. అడ్రస్ సరిగ్గానే ఉంది. మరి రేడియో? బ్లాక్డ్! బ్యాటరీ ఆదా కోసం ఈ బోర్డు ఆన్ అయిన ప్రతిసారీ రేడియోకు తాళం వేసుకుంటుంది. షాపులో ఆ తాళం చేత్తో తీశాడు. ఆన్ కాగానే దానంతటదే నడిచే స్టార్టప్ స్క్రిప్టులో రాయడం మరిచాడు. తన తప్పే!

ఇప్పుడు అన్‌బ్లాక్ కొడితే ఇక్కడే తునాతునకలు. అందుకని ముందు ఇన్ని సెకన్లు ఆగమనే ‘స్లీప్’, తర్వాత ‘అన్‌బ్లాక్’ అని టైప్ చేశాడు. స్లీప్ ఎంత పెట్టాలి? ఎక్కువ పెడితే బావ పోతాడు, తక్కువ పెడితే తను పోతాడు. సుమోల హారన్ వినపడింది. పెట్టిన సెకన్లలో సగం చెరిపేశాడు. అక్క ముఖం కళ్లముందు మెదిలింది.

ఎంటర్ నొక్కి పరుగు లంకించుకున్నాడు.

భూమి అదిరింది. కల్వర్టు ముక్కలై పైకి లేచింది. నిప్పురవ్వలు కుడిచెయ్యి కాల్చినా, రాళ్లు వీపు మీద పడుతున్నా సత్తార్ తల తిప్పి చూశాడు. గుంతకు అవతలే కీచుమంటూ ఆగిన మొదటి సుమోలోంచి రహీం దిగాడు. బతికే ఉన్నాడు! సత్తార్ గొంగట్లో ముఖం దాచుకుని ఏడ్చేశాడు.

సుమోలు పొలాల మీదుగా చుట్టు తిరిగి గండికి పోయాయి. రాజీ కుదిరింది.

మర్నాడు మధ్యాహ్నం ఖాజాబీ వాళ్లింట్లో బిర్యానీ. బామ్మర్ది కాలిన చెయ్యి చూసి, సోల్డరింగ్ తగిలిందనుకుని, రహీం నిట్టూర్చాడు.

“నీకేమప్పా! నీడపట్టున కూచోని చేసే పని. మా డ్రైవర్ల బతుకు నీకేం తెలుస్తాది?”

“నిజమే బావా,” అని, సత్తార్ ఎడంచేత్తో ఇంకో ముక్క వడ్డించుకున్నాడు.