పగటి నిద్ర

ఆళ్లగడ్డలో చిన్న నర్సింగ్‌హోంలో ఏళ్ల తరబడి నర్సుగా పనిచేసిన సుకన్యకు నంద్యాల నుంచి ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు రమ్మని కబురు పెట్టారు. జీతం చాలా ఎక్కువ. డ్యూటీ మాత్రం రాత్రిళ్లు. పెళ్లి ఊసెత్తకుండా తల్లి మహాలక్ష్మిని సాకుతున్న పిల్లకు అంతకంటే ఏం కావాలి? సరేనని వెళ్లిపోయింది.

నంద్యాలలోనే నూనెపల్లెలో గది కూడా చవకగానే దొరికింది. ఇల్లుగలావిడ రహమత్‌బీ కింద బట్టలు కుట్టుకుంటూ ఉండేది. పైన ఒకే గది, మంచంతో సహా. ఇంత తక్కువకు ఎందుకిస్తున్నారని అడిగితే ఆమె మిషన్ తొక్కడం ఆపకుండానే, ఆ గదికి వెలుతురు రాదు, వీధి చప్పుడు వినపడదు, పగలు పడుకునేవాళ్లకు తప్ప ఎవరికీ పనికిరాదని చెప్పింది. ఇంతకుముందు ఉన్నామె ఎందుకు ఖాళీ చేసిందని సుకన్య అడిగింది.

"ఖాళీ చేయలేదమ్మా. వాళ్లింటోళ్లు వచ్చి తీసకపోయిరి," అంది రహమత్‌బీ.

పొద్దున డ్యూటీ దిగి వచ్చి, ఇంత తిని, కిటికీ రెక్కలు మూసేస్తే గదిలో చీకటి చిక్కగా పేరుకునేది. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా గోడలు చెమ్మగా, చల్లగా ఉండేవి. ఫ్యాను కిర్రు... కింద కుట్టుమిషన్ గరగర... ఎక్కడో రైలు కూత... వాటి మధ్య నిద్ర ముంచుకొచ్చేది.

మొదట వాసన వచ్చింది. స్పిరిట్ వాసన. ఆసుపత్రి నుంచి తన చేతులకే అంటుకుని వచ్చిందనుకుంది. మర్నాడు మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని పడుకుంది. వాసన మళ్లీ వచ్చింది. ఈసారి దాంతోపాటు చెయ్యి కూడా వచ్చింది.

చల్లని వేళ్లు ఆమె మణికట్టు పట్టుకున్నాయి. సరిగ్గా నాడి దొరికే చోట. తడుములాట లేదు, తొందర లేదు. పని తెలిసిన చెయ్యి. సుకన్య కళ్లు తెరవాలనుకుంది. రెప్పలు లేవలేదు. అరవాలనుకుంది... నాలుక కదల్లేదు. చీకట్లో ఎవరో పెదవులతో లెక్కపెట్టుకుంటున్నారు. లెక్క అయ్యాక చేతిని మెల్లగా మంచం మీద పెట్టి, దుప్పటి సర్ది వెళ్లిపోయారు.

ఆ తర్వాత ప్రతి పగలూ అంతే. ఒకరోజు తడిగుడ్డతో నుదురు తుడిచారు. ఇంకోరోజు పెదవుల మీద నీటిచుక్కలు వేశారు. దుప్పటి ఎత్తి, అరికాళ్లు చల్లబడ్డాయా అని పట్టి చూశారు. సుకన్య గుర్తుపట్టింది. చేయి దాటిపోతున్న రోగులకు తను స్వయంగా చేసే పనులవి. ఆ తర్వాత చేసేది ఏమిటో కూడా ఆమెకు తెలుసు.

పగటి డ్యూటీ ఇవ్వమని బతిమాలింది. కుదరదన్నారు. మానేస్తానంటే, చెప్పిన గడువు దాకా పనిచేస్తేనే సర్టిఫికెట్లు తిరిగిస్తామన్నారు. ఆళ్లగడ్డలో ఆమె చోట్లో అప్పుడే ఇంకొకరు చేరిపోయారు. వేరే గదులు చూస్తే అద్దెలు అందేలా లేవు. నిద్రపోకుండా ఉందామనుకుంటే, రాత్రంతా నిలబడ్డ ఒళ్లు ఎక్కడ మాట వింటుంది? చివరికి తల్లికి ఫోన్ చేసి ఏడ్చేసింది.

మహాలక్ష్మి మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు దిగింది. గదంతా కలియజూసి, తలుపు గడియ పెట్టి, మంచం పక్కనే చాప పరుచుకుని కూర్చుంది. కూతురి తల నిమిరింది.

"పండుకో బిడ్డా. నేనీడ్నే కూచోనుంటా. ఎవరొస్తారో సూస్తా."

ఆ మాటకు సుకన్య ప్రాణం కుదుటపడింది. చాలా రోజుల తర్వాత భయం లేకుండా కళ్లు మూసుకుంది.

వాసన వచ్చింది.

వేళ్లు మణికట్టును చుట్టుకున్నాయి. అమ్మ ఉంది కదా... అమ్మ చూస్తోంది కదా... అనుకుంటూ ఊపిరి బిగబట్టింది. అమ్మ గొంతు వినిపించింది. కేక కాదు. మెల్లగా, వినయంగా...

"వచ్చినారా సిస్టరమ్మా? ఎట్లుండాది నా బిడ్డకు?"

వేళ్లు నాడి కోసం వెతికాయి. కాస్త పైకి జరిగాయి. కిందికి జరిగాయి. వదిలేశాయి. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అయిపోయిందమ్మా," అంది అలసిన గొంతు ఒకటి.

అమ్మ కుమిలి కుమిలి ఏడుస్తోంది. అమ్మా, నేనున్నా... ఇటు చూడమ్మా... సుకన్య లోపల గొంతు చించుకుంటోంది. బయటికి చప్పుడు లేదు. చల్లని అరచెయ్యి ఆమె రెప్పల మీద నుంచి కిందికి రాసింది. గడ్డం కింద నుంచి నడినెత్తికి కట్టు బిగిసింది. కాలి బొటనవేళ్లు రెండూ కలిపి ముడి వేశారు. దుప్పటి ముఖం మీదికి వచ్చింది. తన ఊపిరి తనకే వెచ్చగా తగులుతోంది. గుడ్డ కదులుతోంది కదమ్మా... ఒక్కసారి చూడమ్మా...

గడియ తీసిన చప్పుడు. మెట్ల మీద అడుగులు. ఒకరి వెనక ఒకరు... దిగిపోయారు.

ఎప్పటికో ఒళ్లు ఒక్కసారిగా అదిరింది. సుకన్య దుప్పటి తోసేసి లేచింది. కట్లు లేవు. తలుపు బార్లా తెరిచి ఉంది, గుమ్మంలో సాయంత్రపు ఎండ. కిందికి పరుగెత్తింది. మిషన్ పక్కన నేల మీద కూర్చుని ఉంది అమ్మ. రహమత్‌బీ ఆమెకు నీళ్లు తాగిస్తోంది. మెట్లు దిగి వచ్చిన కూతుర్ని మహాలక్ష్మి పైనుంచి కింది దాకా చూసింది. సుకన్య కావలించుకుంటే కొయ్యలా బిగుసుకుపోయింది.

ఉద్యోగం వద్దు, సర్టిఫికెట్లూ వద్దనుకుంది సుకన్య. సంచి సర్దుకుని, వెనకే మెట్లెక్కి వచ్చిన అమ్మ ముందే గదికి తాళం వేసి, ఆమెను బస్సెక్కించింది. శిరివెళ్ల దగ్గర నీళ్ల సీసా అందిస్తే మహాలక్ష్మి రెండు చేతులా పుచ్చుకుంది గానీ తాగలేదు. దోవ పొడుగునా వెనక్కే చూస్తూ కూర్చుంది.

ఇల్లు చేరాక పొయ్యి వెలిగించి అన్నం వండింది. కంచంలో పెట్టి, సుకన్య ముందుకు జరిపి, తను గోడవారగా దూరంగా కూర్చుంది.

"మాట్లాడమ్మా," అని బతిమాలింది సుకన్య.

పుట్టినప్పటి నుంచి కూతుర్ని నువ్వు అని తప్ప పిలవని మహాలక్ష్మి చేతులు జోడించింది.

"మీరు తినండి. మీరెవరో నాకు తెల్దు, మీకు దండం పెడ్తా," అంది. "మీరు తాళమేసేటప్పుడు సూసినా... దుప్పటి కిందనే ఉండాది నా బిడ్డ. దాన్నెప్పుడు ఇంటికి పంపిస్తారు?"